తేలికపాటి రైఫిలుకు తగిన తూటా: పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్ చరిత్ర

పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి అమెరికా పల్లెల్లోను, చిన్న పట్టణాల్లోను సామాన్య కుటుంబం కొనుక్కోగలిగిన తుపాకీ 0.22 అంగుళాల వ్యాసం గల గుండును పేల్చే రైఫిలే. కుందేళ్లను, ఉడుతలను వేటాడడానికి, పంటను పాడుచేసే చిన్న జంతువుల బెడద తీర్చడానికి, పిల్లలకు గురి నేర్పడానికి అదే అక్కరకొచ్చేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ రైఫిల్ సెమీ ఆటోమేటిక్ అయింది. అంటే, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఖాళీ అయిన ఇత్తడి గొట్టం దానంతట అదే బయటపడి, దాని చోటికి కొత్త తూటా వచ్చి చేరే ఏర్పాటు అందులో ఉంటుంది. ఈ చరిత్రను సాధారణంగా తుపాకీ నమూనాల వరుసగా చెబుతారు. నిజానికి దాన్ని నడిపించింది తూటాయే. ఏ తూటా వాడాలన్న ప్రశ్నకు ప్రతి తరం ఇచ్చిన సమాధానమే ఆ తరం రైఫిలుకు రూపమైంది.

తూటా కథ ఫ్రాన్సులో మొదలవుతుంది. 1845లో ఫ్లోబేర్ అనే తుపాకుల నిర్మాత, దెబ్బకు మండే రసాయనాన్ని నింపిన చిన్న లోహపు టోపీకి సీసపు గుండును అమర్చి, తుపాకీమందు అవసరమే లేని తూటాను తయారు చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ పద్ధతికి కొద్దిపాటి నల్ల తుపాకీమందును జోడించి 0.22 షార్ట్ తూటాను తెచ్చింది. పేలుడు రసాయనం తూటా అడుగున అంచు చుట్టూ ఉండి, ఆ అంచు మీద దెబ్బ పడితే మండేది కాబట్టి ఈ జాతి తూటాలకు రిమ్‌ఫైర్ అనే పేరు స్థిరపడింది. 1871లో లాంగ్, 1887లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టీవెన్స్ కంపెనీ నుంచి లాంగ్ రైఫిల్ తూటా వచ్చాయి. 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు తూగే గుండు ఉన్న ఈ లాంగ్ రైఫిల్ తూటాయే నేటికీ ప్రపంచమంతటా వాడుకలో నిలిచింది.

ఈ తూటా ఒక్కొక్కటిగా చేత్తో నింపే రైఫిళ్లకు సరిగ్గా సరిపోయింది గాని, దానంతట అది పనిచేసే యంత్రానికి రెండు చిక్కులు తెచ్చిపెట్టింది. మొదటిది నల్ల తుపాకీమందు, అది కాలాక మిగిలే మసి కొద్దిపాటి కాల్పులకే కదిలే భాగాలను పట్టేస్తుంది. రెండోది గుండుకు పైపూతగా రాసే కొవ్వు; బయటికి కనిపించే ఆ జిగురుకు దుమ్ము, ఇసుక, జేబులోని పీచు అంటుకుంటాయి. చవకైన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనిచేసేది బ్లోబ్యాక్ పద్ధతిలో. అంటే, బారెల్ వెనుక భాగాన్ని మూసి ఉంచే బోల్టుకు గొళ్లెం ఏదీ ఉండదు, దాని బరువు, వెనకనున్న స్ప్రింగు బలం మాత్రమే దాన్ని నిలిపి ఉంచుతాయి. తూటా బలహీనమైతే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, మితిమీరి బలమైనదైతే వేళకు ముందే తెరుచుకుంటుంది, మసి పేరుకుంటే మధ్యలోనే ఆగిపోతుంది. ఖరీదైన యంత్రాంగం లేని రైఫిల్ తన విశ్వసనీయతను తూటా నుంచే అరువు తెచ్చుకోవాలి.

ఈ సంగతిని గ్రహించి థామస్ క్రాస్లీ జాన్సన్ రూపొందించిన వించెస్టర్ 1903 రైఫిల్ అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్. అందులో సాధారణ తూటాలు వాడడానికి కంపెనీ ఒప్పుకోలేదు. పొగలేని మందుతో, కొవ్వు పూత ఇత్తడి గొట్టం లోపలే ఉండేలా, కొలతల్లో కొద్దిపాటి తేడాతో వించెస్టర్ ఆటోమేటిక్ అనే ప్రత్యేక తూటాను తయారు చేసి, నల్ల తుపాకీమందు తూటాలు ఆ రైఫిలులో సరిగా కుదురుకోకుండా దారి మూసేసింది. ఎంపిక కొనుగోలుదారుది కాదు, తయారీదారుది. ఆ నిర్ణయం ఎంత ఫలించిందో 1907 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో తేటతెల్లమైంది. వించెస్టర్ కంపెనీ తరఫున ప్రదర్శనలిచ్చే ఆడ్ టోపర్‌వైన్ ఈ రైఫిళ్లతోనే పది రోజులపాటు, గాలిలోకి ఎగరేసిన రెండుంపావు అంగుళాల చెక్క ముక్కలను కాలుస్తూ పోయి, 72,500 ముక్కల్లో తొమ్మిదింటిని మాత్రమే కొట్టలేకపోయాడు. లోకం మెచ్చింది అతని గురిని. అయితే అన్ని వేల తూటాలను వరుసగా మింగి, కక్కి, మళ్లీ సిద్ధమైన యంత్రం కూడా ఆ రికార్డులో భాగస్వామే.

ప్రత్యేక తూటాకు ఒక లోపం ఉంది. ఊరి కొట్లో దొరికేది షార్టో, లాంగ్ రైఫిలో గాని ఒక కంపెనీకి మాత్రమే చెందిన తూటా కాదు. రెమింగ్టన్ కంపెనీ కూడా 1914లో తన మోడల్ 16 రైఫిలుకు ఇలాంటి సొంత తూటాను జతచేసింది గాని, ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. అదే కాలంలో తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ కోసం సాధారణ తూటాలతోనే పనిచేసే, రెండు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకోగలిగే తేలికైన రైఫిలును రూపొందించాడు. 1922 నుంచి రెమింగ్టన్ దాన్ని మోడల్ 24గా అమెరికాలో తయారు చేసింది. పొగలేని మందు అందరికీ అందుబాటులోకి రావడంతో ప్రత్యేక తూటా అవసరమే తీరిపోయింది.

ఆ తరువాతి మెరుగుదల కంటికి కనిపించని చోట జరిగింది. అంచులో నింపే రసాయనంలోని పొటాషియం క్లోరేటు, మండాక బారెల్ లోపల ఉప్పును మిగిల్చేది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టించేది. అందువల్ల కాల్చిన రోజే రైఫిలును శుభ్రం చేయడం తప్పనిసరయింది. శుభ్రం చేసే కమ్మీ, గుడ్డపీలికలు, నూనె అప్పటి రైఫిలుకు మొదటి ఉపకరణాలు. 1920ల రెండో సగంలో రెమింగ్టన్ క్లీన్‌బోర్ పేరుతో తుప్పు పట్టించని రసాయనాన్ని ప్రవేశపెట్టింది. 1930లో ఎక్కువ వేగం గల తూటాలు వచ్చాయి. 1933లో వించెస్టర్ తన పాత నమూనాను లాంగ్ రైఫిల్ తూటాకు మార్చి మోడల్ 63గా విడుదల చేసినప్పుడు, వాడవలసిన అధికవేగ తూటాల పేర్లను బారెల్ మీదే చెక్కించింది. 1941 నాటి రెమింగ్టన్ 550 ఇంకో అడుగు ముందుకు వేసింది. డేవిడ్ మార్షల్ విలియమ్స్ కనిపెట్టిన కదిలే చేంబరు, అంటే తూటా కూర్చునే అర వెనక్కి కదిలి బోల్టును నెట్టే ఏర్పాటు, బలహీనమైన షార్ట్ తూటాతో కూడా యంత్రం తిరిగేలా చేసింది. మొదట తూటాను రైఫిలుకు తగినట్టు మార్చిన పరిశ్రమ, ఇప్పుడు రైఫిలునే అన్ని తూటాలకూ తగినట్టు మలచింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ధర, బరువు రెండూ తగ్గాయి. 1959లో వచ్చిన రెమింగ్టన్ నైలాన్ 66 డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌తో పోతపోసిన శరీరంతో సుమారు నాలుగు పౌండ్లు, అంటే రెండు కిలోలకన్నా తక్కువ తూగేది, కదిలే భాగాలు నైలాన్ మీదే జారేవి కాబట్టి నూనె కూడా అడిగేది కాదు. ప్లాస్టిక్ రైఫిలును జనం నమ్మరేమోనని భయపడిన కంపెనీ ఆ ఏడాదే టామ్ ఫ్రై అనే షూటర్ చేత 1,00,010 చెక్క ముక్కలను కాల్పించింది. అతని గురి తప్పినవి ఆరు. 1960లో మార్లిన్ మోడల్ 60, 1964లో రూగర్ 10/22 వచ్చాయి. పది తూటాలు చక్రంలా తిరుగుతూ అమరే రూగర్ మ్యాగజీన్‌లో ప్రతి తూటాకు విడిగా గాడి ఉండడం వల్ల, ఒకదాని అంచు మరొకదానికి తట్టుకుని ఇరుక్కునే పాత బాధ చాలావరకు తీరింది. తొలినాళ్లలో 54.50 డాలర్లకు అమ్మిన ఈ రైఫిల్ ఇప్పటికి 50 లక్షలకు పైగా తయారైంది.

ఉపకరణాల చరిత్ర కూడా ఈ వరుసలోనే సాగింది. తొలి రోజుల్లో ఉన్న ఇనుప గురికి తోడుగా చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు ఒక్కటే మెరుగుదల. 1930లో విలియం వీవర్ తక్కువ ధరకు రైఫిల్ టెలిస్కోపును అమ్మడం మొదలుపెట్టాక, అంతకుముందు సంపన్న వేటగాళ్లకే పరిమితమైన ఆ సాధనం చవకైన రైఫిలు మీదికి కూడా ఎక్కింది. యుద్ధానంతర కాలంలో తయారీదారులు రైఫిల్ పైభాగానే గాళ్లు తీసి ఇవ్వడంతో దాన్ని బిగించడానికి పనివాడి అవసరం తప్పింది. అయితే తేలికైన రైఫిలుకు బరువైన అలంకారాలు చేటే. భుజానికి వేసుకునే పట్టీ, చిన్న టెలిస్కోపు, ఒక అదనపు మ్యాగజీన్ దాటితే తేలికదనం అనే మొదటి గుణమే పోతుంది.

1970ల చివరలో ఐడహో రాష్ట్రానికి చెందిన సీసీఐ కంపెనీ 32 గ్రెయిన్ల తేలిక గుండుతో సెకనుకు 1,640 అడుగుల వేగం గల స్టింగర్ తూటాను తెచ్చింది. అప్పటికి కొనుగోలుదారు ముందు నెమ్మది తూటా నుంచి అతివేగ తూటా వరకు అన్నీ వరుస తీరి ఉన్నాయి. వేగమే గొప్పదనం కాదు. గురి పోటీలకు చేసే తూటాలు ఇప్పటికీ ధ్వనివేగానికి, అంటే సెకనుకు సుమారు 1,120 అడుగులకు లోపే ఉంటాయి, ఎందుకంటే ఆ వేగాన్ని దాటి మళ్లీ కిందికి దిగేటప్పుడు గుండు కుదుపుకు లోనవుతుంది.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి కావడం వల్ల ఇలాంటి విపణి పుట్టలేదు గాని, ఈ తూటా పరాయిది కాదు. తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో ఎన్‌సీసీలో చేరినవారు బోర్లా పడుకుని మొదట కాల్చేది పాయింట్ టూ టూ రైఫిలే, అది సెమీ ఆటోమేటిక్ కాకపోయినా. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ యువతి ఈషా సింగ్ రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది 1887 నాటి లాంగ్ రైఫిల్ తూటాయే.

ఈ చరిత్ర నేర్పే పాఠం స్పష్టం. చవకైన యంత్రం మన్నికగా పనిచేయాలంటే దానిలో వేసే సరుకు శుభ్రంగా, సమంగా ఉండాలి. ఆ బాధ్యతను 1903లో కంపెనీ తన చేతుల్లో ఉంచుకుంది. రసాయనం, లోహం, నైలాన్ మెరుగుపడే కొద్దీ అది వాడేవాడికి బదిలీ అయింది. ఏ రైఫిలుకు ఏ తూటా నప్పుతుందో తయారీదారు సూచనను చదివి, కాల్చి చూసి నిర్ణయించుకోవడం నేడు వాడేవాడి పని. అజాగ్రత్తకు చోటులేని ఆ పనికి పునాది వేసింది పేర్లు మరుగున పడిపోయిన రసాయన నిపుణులు, పోతపనివారు ఒకటిన్నర శతాబ్దానికి పైగా చేసిన ఓపికైన కృషి.