కాసు

నెల్లూరు జిల్లా ముత్తుకూరులో "చేతిలో కాసు లేదు" అన్నా, "క్యాష్ లేదు" అన్నా అర్థం ఒకటే. పుట్టుకలే వేరు. రొక్కమనే క్యాష్ డబ్బుపెట్టెకు చెప్పే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మన కాసు పోర్చుగీసుల నోట నలిగి, ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలపై ఇంకో 'క్యాష్' అయింది. నెల్లూరుతో సహా మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో కొట్టిన ఇరవై కాసుల బిళ్లకు ఒకవైపు కంపెనీ చిహ్నం, రెండోవైపు పారశీ రాత ఉంటాయి. 1808 నాటి నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809లో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగింది. ఆ సరుకును తర్వాత పైకి తీశారు గనక, వాడకంలో అరగని అసలువీ దొరుకుతాయి. నిగనిగ చూసి నకిలీ అనెయ్యకూడదు. రాముడో హనుమంతుడో ఉన్న 1818 'కంపెనీ అణా' మాత్రం ఎంత మసిబారినా ఉత్తదే, అలాంటిది కంపెనీ కొట్టనేలేదు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే అది పోతపోసిన నకిలీ బిళ్ల.