వరద వార్త, బాట వార్త

వృద్ధగౌతమీ తీరమునందలి మురమళ్ళవారికి వరద క్రొత్తగాదు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరగానే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది వెలువడును. నీటికంటె ముందు వార్త చేరినచో లంకలవారు పశువులతో సహా మెరకకు చేరుకొందురు. చేరనిచో ఏమగునో 1986 ఆగస్టు వరద చూపినది.

శ్రోతలారా, ఈ నదీధర్మమే రహదారికిని వర్తించును. 1955లో లైట్‌హిల్, విథమ్ అను గణితవేత్తలు ఇంగ్లండులో రెండు వ్యాసములు ప్రకటించిరి. మొదటిది దీర్ఘనదులలో వరద నడకను గూర్చినది. రెండవది క్రిక్కిరిసిన బాటలపై వాహనముల రాకపోకలను గూర్చినది. రెండింటికిని గణితమొక్కటే. భేదమెక్కడననగా, వరద దిగువకు సాగును. క్రిక్కిరిసిన బాటపై ముందుబండి ఆగినచో, ఆ నిలుపుదల అలవలె వెనుకకు ప్రాకును. బండ్లు ముందుకు, అడ్డంకి వెనుకకు.

ఆ అలకంటె వేగముగా వార్త వెనుకనున్నవారికి చేరవలెను. ఇందులకే 1999లో అమెరికా ప్రభుత్వము, వాహనములు రేడియో తరంగములద్వారా పరస్పరము హెచ్చరించుకొనుటకు 5.9 గిగాహెర్ట్జుల ప్రాంతమున ఒక భాగమును కేటాయించెను. 2020లో దానిని కుదించినను, ఆ యత్నము ఆగలేదు.

మురమళ్ళకు చేరువనున్న ఎదుర్లంకవద్ద పూర్వము జనులు పంటుపై గౌతమిని దాటి యానాము చేరెడివారు. రేవున ఎందరు వేచియున్నదీ కంటికి కనబడెడిది. 2002లో వారధి వచ్చినది, వేగము హెచ్చినది. ముందేమి జరిగెనో వెనుకవాని కంటికి అందుట మాత్రము తగ్గినది. లంకవాసికి ధవళేశ్వరపు కబురెట్టిదో, వెనుకబండివానికి ముందుబండి కబురట్టిది. వేళకు అందిననే అది ప్రాణము నిలుపును.