నాయీబ్రాహ్మణుల వైద్యవృత్తి: వైద్యనామమున కధికారులెవరు?

కృష్ణామండలపు మెట్టసీమయై, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో, తక్కిన తెలుగునాటివలెనే, మనవారికి క్షురకర్మము, మంగళవాద్యము, వైద్యము అను మూడు వృత్తులుండెను. మొదటి రెండును లోకమెరిగినవే. మూడవది మరుగుపడినది.

కురుపు కోసి చీము తీయుట, కొమ్ముపెట్టి చెడునెత్తురు లాగుట, జలగలను పట్టించుట, పుండ్లకు ఆకుపసరు కట్టుట మనవారి పనులు. గడ్డము గీయు కత్తియు, కురుపు కోయు కత్తియు ఒక్క అడపములోనే యుండెడివి. మన స్త్రీలు మంత్రసానులై కానుపులు చేసిరి. కళ్లమున కొలిచి యిచ్చు గింజలే ప్రతిఫలము.

అరవదేశపు క్షురకులకు గల అంబట్టన్ అను పేరు అంబష్ఠ శబ్దమునుండి వచ్చినదనియు, మనుస్మృతి అంబష్ఠులకు చికిత్సను వృత్తిగా జెప్పినదనియు కొందరు వాదింతురు. నామమాత్రముచే గౌరవము నిలుచునని నాకు దోచదు. చేసిన పనియే గట్టి సాక్ష్యము.

వైద్యుడు కాదగినవాడెవడో సుశ్రుతసంహిత స్పష్టముగా నిర్ణయించినది. శిష్యుడు గుమ్మడి, ఆనప మొదలగు కాయలపై కోతనభ్యసింపవలెను. శాస్త్రమును చదివి, కర్మమును చూచి, స్వయముగా చేసి, పిమ్మట రాజానుజ్ఞను బొంది చికిత్సకు బోవలెను. కావున అనుజ్ఞ యనునది తెల్లదొరలు తెచ్చిన క్రొత్త యాచారము గాదు.

ఇంగ్లండునందును క్షురకులు, శస్త్రవైద్యులు 1540లో ఒక్క సంఘముగా గూర్పబడి, 1745లో విడిపోయిరి. శస్త్రవైద్యులు విద్యాలయముల వైపు నడచిరి; క్షురకులు కత్తెరతో మిగిలిరి. మన దేశమున ఈ వేర్పాటు ఏ యొక్క శాసనముచేతను గాక మెల్లమెల్లగా జరిగినది.

1953 వరకు మన సీమ చెన్నరాజధానిలోనిది. 1914 నాటి వైద్యుల నమోదు చట్టము పాశ్చాత్యవైద్యులకు పట్టిక నేర్పరచినది. నాటువైద్యుని మందీయవలదనలేదు గాని, రాజ్యము మన్నించు ధ్రువపత్రమునకు పట్టికలోని పేరే ఆధారమయ్యెను. 1921లో నియమింపబడిన ఉస్మాన్ సంఘము 1923లో దేశీయవైద్యమున కనుకూలముగా నివేదిక సమర్పించినది. దాని ఫలితముగా చెన్నపురిలో దేశీయవైద్య పాఠశాల వెలసినది. గ్రంథములు చదివినవారికి అది మేలు చేసినది; చేతితో నేర్చి చేతితో నేర్పిన మనవారిలో పెక్కుమందికి ఆ వాకిలి దూరమే. 1926 నాటి నర్సుల, మంత్రసానుల చట్టము వలనను శిక్షణ లేని మన ముసలమ్మలకు పట్టికలో చోటు దొరకలేదు.

ఇది కేవలము అన్యాయమనువారితో నేను పూర్తిగా నేకీభవింపను. శుద్ధి చేయని కత్తితో బొడ్డు కోసినచో పసికందునకు ధనుర్వాతము సోకును. అట్లు పోయిన బిడ్డలు దేశమున లెక్కకు మిక్కిలి. అయినను, ఆస్పత్రి లేని పల్లెలో అర్ధరాత్రి పిలిచిన వెంటనే వచ్చినది ఆ ముసలమ్మయే గదా!

కేరళ పరంపరవైద్యుల వ్యాజ్యమున 2018 ఏప్రిల్ 13న సుప్రీముకోర్టు, గుర్తింపుపొందిన విద్యార్హత లేనివారు వైద్యము చేయరాదని తీర్పు చెప్పినది. తాత వైద్యుడైనంత మాత్రమున మనుమడు వైద్యుడని బోర్డు కట్టుకొన వీలులేదు. ఆయుర్వేద కళాశాలలో చదివి పట్టికకెక్కిన మన బిడ్డకు ఆ పేరు న్యాయముగా దక్కును.

తాతల విద్య వేరు, దాని చరిత్ర వేరు. మీ యిండ్లలో పాత అడపములు, కొమ్ములు, శస్త్రములు, తాళపత్రములు మిగిలియున్నచో పారవేయకుడు. ఏ పనిముట్టు దేనికి వాడిరో, ఏ యాకు దేనికి కట్టిరో, ఏ యూర ఏ మంత్రసాని కానుపులు చేసెనో పెద్దలనడిగి వ్రాసి, మన సంఘమునకు పంపుడు.