సామగ్రి అవసరాల ప్రణాళిక

కర్మాగారంలో ఒక వస్తువును తయారు చేయడానికి ఏయే ముడిసరుకులు ఎంతెంత, ఏ తేదీకి కావాలో ముందుగా లెక్కగట్టే పద్ధతిని సామగ్రి అవసరాల ప్రణాళిక అంటారు. దీని పొట్టిపేరు ఎమ్మార్పీ. సరుకుల పొట్లాలపై ముద్రించే గరిష్ఠ చిల్లర ధరకూ ఇదే పొట్టిపేరు ఉన్నా రెండింటికీ సంబంధం లేదు.

చరిత్ర

అమెరికాలో 1964 ప్రాంతంలో జోసెఫ్ ఆర్లికీ ఈ పద్ధతిని కంప్యూటరుకు అనువుగా రూపొందించాడు. ఆయన గ్రంథం 1975లో వెలువడింది. తరువాత ఆలివర్ వైట్ దీనికి యంత్రాల సామర్థ్యాన్ని, ఖర్చుల లెక్కలను జోడించి ఎమ్మార్పీ-2గా ప్రచారం చేశాడు. సంస్థలోని అన్ని విభాగాలనూ కలిపే ఇ.ఆర్.పి. అన్న పేరును 1990లో గార్ట్‌నర్ సంస్థ వాడుకలోకి తెచ్చింది.

లెక్క కట్టే విధానం

ఈ లెక్కకు మూడు ఆధారాలు కావాలి. అవి ఉత్పత్తి ప్రణాళిక, వస్తువులోని భాగాల పట్టిక, గిడ్డంగి నిల్వల వివరాలు. ఉదాహరణకు ఒక మందుల కంపెనీ 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలు 5 లక్షలు తయారు చేయాలనుకుందాం. అందుకు 250 కిలోల మందు కావాలి. నిల్వ 90 కిలోలు, ఇదివరకే ఆర్డరు చేసినది 60 కిలోలు ఉంటే, కొనవలసినది 100 కిలోలు. సరుకు చేరడానికి 3 వారాలు పడుతుందనుకుంటే, ఉత్పత్తి తేదీకి 3 వారాల ముందే ఆర్డరు వెళ్ళాలి.

ఇంతవరకు కూడికలు, తీసివేతలే. చిక్కంతా నిల్వల వద్ద వస్తుంది. ఆ 90 కిలోల్లో 40 కిలోలు ఇంకా నాణ్యత పరీక్షలో ఉంటే వాటిని వాడరాదు. అప్పుడు కొనవలసినది 140 కిలోలు. ఈ సంగతి కంప్యూటరులో నమోదు కాకపోతే అది 100 అనే చెబుతుంది, ఉత్పత్తి మధ్యలో ఆగుతుంది. అందుకే మందుల పరిశ్రమలో బ్యాచి సంఖ్య, గడువు తేదీ, పరీక్షా ఫలితం లేని నిల్వ లెక్క ఎందుకూ కొరగాదు.

హైదరాబాదులో

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ పరిసరాలలో ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ వంటి ఇ.ఆర్.పి. తయారీదారుల కార్యాలయాలు పెరిగాయి. నగరంలోనే పుట్టిన సత్యం కంప్యూటర్స్ (2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది) విదేశీ సంస్థలకు ఈ వ్యవస్థలను అమర్చేది. అమీర్‌పేట శిక్షణా సంస్థలలో శాప్ కోర్సులకు, ముఖ్యంగా సామగ్రి నిర్వహణకు చెందిన ఎమ్.ఎమ్., ఉత్పత్తి ప్రణాళికకు చెందిన పి.పి. విభాగాలకు గిరాకీ ఎక్కువ. అయితే గిడ్డంగి ముఖం చూడకుండా తెరలు మాత్రమే నేర్చుకున్నవారికి పై ఉదాహరణలోని 40 కిలోల చిక్కు తట్టదు. ఆ గిడ్డంగులు జీడిమెట్ల, పాశమైలారం పారిశ్రామికవాడలలో ఉన్నాయి. అక్కడి చిన్న పరిశ్రమలలో ట్యాలీ, ఎక్సెల్ పట్టికలతోనే నిల్వల లెక్క నడిపేవి నేటికీ ఉన్నాయి.