సూర్యలంక ముందు మునిగిన నేల

కృష్ణా డెల్టాలో లంక అంటే నీటి నడుమ తేలిన నేల. సూర్యలంక పేరు విన్నప్పుడల్లా తేలిన నేల కంటె, దాని ముందు మునిగిన నేలే నాకు ఎక్కువగా గుర్తుకు వస్తుంది.

సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగపు పరాకాష్ఠలో, సముద్రమట్టం నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. నేడు సూర్యలంక, నిజాంపట్నం జాలరులు తీరానికి దగ్గరలో వలలు వేసే చోట అప్పుడు పొడినేల ఉండేది. కృష్ణ ఆ నేల మీదుగా ఇంకా దూరం పారి సాగరంలో కలిసేది. అంతకుముందే తెలుగునేల మీద మనుషులున్నారు. కర్నూలు సీమలోని జ్వాలాపురంలో దొరికిన సూక్ష్మశిలా పనిముట్లు 35,000 ఏళ్ళనాటివి. అటువంటివారు నదుల వెంట తీరానికి రాలేదనుకోవడానికి నాకు కారణం కనబడదు.

తరువాత మంచు కరిగింది. సుమారు 7,000 ఏళ్ళ క్రితానికి సముద్రం నేటి మట్టం దరిదాపులకు చేరి, లోపలి పల్లపు నేలలను ముంచింది. ఆపైన కృష్ణ తన ఒండ్రుతో తీరాన్ని మెల్లగా వెనక్కు నెట్టింది. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక మెరకలు ఆనాటి తీరరేఖల ఆనవాళ్ళే. నది ఇచ్చినది కొత్త నేల. పాతనేల అడుగుననే ఉండిపోయింది. అందుచేత మన తీరచరిత్రను భట్టిప్రోలుతో, 1892లో అలెగ్జాండర్ రే బయల్పరచిన ధాతుకరండాలతో మొదలుపెట్టడం మనకు అలవాటయింది. అది కనబడుతున్న మొదటి పుట మాత్రమే.

మునిగిన పుటలను చదవడం అసాధ్యమేమీ కాదు. 1931లో ఇంగ్లండులోని నార్ఫోక్ తీరానికి అవతల కోలిండా అనే చేపల మరపడవ వలలో ఒక పీటుగడ్డ పడింది. దానిలో దుప్పికొమ్ముతో చేసిన ముళ్ళ ఈటెమొన ఉంది. ఉత్తరసముద్రం అడుగున మనుషులు తిరిగిన నేల ఉన్నదనడానికి అది సాక్ష్యమయింది. 1998లో బ్రయనీ కోల్స్ ఆ నేలకు డాగర్లాండ్ అని పేరుపెట్టారు. చమురు అన్వేషణకై సేకరించిన భూకంప తరంగాల సమాచారంతోనే తరువాతివారు అక్కడి ప్రాచీన నదులను పటాలకెక్కించారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ చమురు కోసం అటువంటి సర్వేలు జరిగాయి. చరిత్రకారులు వాటిని అడగాలి.

జాగ్రత్త కూడా అవసరం. 2001లో ఖంభాత్ సింధుశాఖలో మునిగిన నగరం దొరికిందని ప్రకటించారు. కాని ఆ వస్తువులు అడుగునుండి గోకి తీసినవి. ఏ పొరలోవో తేల్చలేమని పురావస్తువేత్తలు ఆక్షేపించారు. పొర తెలియని వస్తువు పేజీ చిరిగిన వాక్యం వంటిది.

ఇప్పుడు ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్నది, కృష్ణ ముఖాన తీరం కోసుకుపోతున్నది. ఇసుక మెరకలు చదునవుతున్నాయి. డెల్టా ఊళ్ళ మిత్రులకు ఒక మనవి: బావో చెరువో తవ్వేటప్పుడు గవ్వలు, నల్లమట్టి, చెక్కిన రాయి పడితే, ఎంత లోతున పడినదో ముందు వ్రాసిపెట్టండి.