మంత్రపురిలో యంత్రం

"చిన్నమ్మా, మెకట్రానిక్స్ అంటే ఏందో చెప్పు సూద్దాం" అంటూ మా అక్క కూతురు నా ముందు ఓ లావుపాటి పుస్తకం పడేసింది. బి.ఏ. చదివిన నాకు అదేదో దగ్గుమందు పేరులా వినబడింది. ఆ మాటే అన్నాను. పకపకా నవ్వింది. మంథని దగ్గర సెంటినరీ కాలనీలో 2010లో వెలిసిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది లెండి ఆ పిల్ల.

నవ్వితే నవ్వింది గానీ, నాకు పట్టుదల పెరిగింది. తీరా చూస్తే ఆ మాట వయసు దాదాపు నా వయసే! జపానులోని యాస్కావా మోటార్ల కంపెనీ ఇంజనీరు టెట్సురో మోరి 1969లో 'మెకానిజం'కీ 'ఎలక్ట్రానిక్స్'కీ ముడిపెట్టి దానికి బారసాల చేశాడు.

పేరు కొత్తదేగానీ కిటుకు పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు తగిలించాడు. యంత్రం జోరెక్కితే గుండ్లు పైకి లేచి ఆవిరి దారిని కాస్త మూస్తాయి. నెమ్మదిస్తే దిగి తెరుస్తాయి. ఈ దిద్దుబాటు సరిగ్గా కుదరకపోతే యంత్రం ఊగిసలాడిపోతుందని 1868లో మాక్స్‌వెల్ లెక్కకట్టి చూపాడు.

"అంటే, చేసే పనిని చూసుకుంటూ, తప్పితే సర్దుకోవడం. అంతేగదటే?"

"గంతే చిన్నమ్మా!"

అంతే అయితే మంథనికి ఇదేం కొత్త? మంత్రపురి అని పేరుమోసిన వేదపండితుల ఊరాయె. ఘనపాఠంలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు అంటూ మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి వల్లిస్తారు. ఒక్క మాట జారినా చెవికి పట్టుబడుతుంది. గురువుగారు అక్కడే ఆపి దిద్దుతారు. కాగితం అక్కర్లేకుండా వేదం తరాలు దాటింది ఇలాగే.

కాకపోతే, అక్కడ తప్పేది స్వరం. ఈ పిల్ల కాలేజీ చుట్టూ ఉన్నవి బొగ్గు గనులు. ఇక్కడ తప్పితే పోయేది ప్రాణం.

సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ఆ రోజుల్లో గని పైకప్పుకు కర్ర గుంజలే ఆధారం. గుంజ పిటపిటలాడితే, ఆ చప్పుడు విని కార్మికులు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవారు. 1983లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్ యంత్రాలు దిగాయి. 2014లో కాలేజీకి పొరుగునున్న అడ్రియాల గనిలో మరింత పెద్దవి వచ్చాయి. ఇప్పుడు పైకప్పును మోసేవి ఉక్కు కాళ్లు. ఎంత బరువు పడుతోందో వాటికి అమర్చిన పరికరాలే కనిపెట్టి చెబుతాయి. కోసే యంత్రానికి గట్టి బొగ్గు తగిలి మోటారు మీద భారం పెరిగితే, అది తనంతట తానే నడక తగ్గించుకుంటుంది. వాట్ గారి గుండ్లు చేసిన పనే, కరెంటు తీగల మీద!

మనిషి చెవిని తీసి ఉక్కుకు పెట్టారన్నమాట.

"మరి ఆ చెవే తప్పు వింటేనో?" అన్నాను.

ఈసారి పిల్ల నవ్వలేదు. పుస్తకం ఒళ్లోకి లాక్కుంది.

"గందుకే గద చిన్నమ్మా, సదువుతున్నా."