పరేడ్‌కీ మన టెస్టుకీ సంబంధం ఏమిటి?

ప్రతి ఏటా ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఒక శనివారం రాత్రి సిడ్నీ సిటీలో మార్డీ గ్రా పరేడ్ జరుగుతుంది. మన ద పాండ్స్ వాళ్ళలో చాలామందికి అది రోడ్లు మూసేసే రోజు, ట్రైన్లు కిక్కిరిసే రోజు. నాకూ చాలాకాలం అంతే. ఆ ఊరేగింపు ఎందుకు మొదలయిందో తెలుసుకోవలసిన అవసరం ఒక కుర్రాడి వల్ల వచ్చింది.

కొత్తగా వచ్చిన రోజుల్లో బ్లాక్‌టౌన్‌లో నలుగురం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అందులో అందరికంటే చిన్నవాడు, గుంటూరు వైపు అబ్బాయి, ఒక రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ అడిగాడు: "అన్నా, ఇక్కడ హెచ్.ఐ.వి. టెస్టు చేయించుకుంటే రిజల్టు ఇమిగ్రేషన్ వాళ్ళకి వెళ్తుందా?" నాకు తెలియదన్నాను. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ భయం మోసుకుంటూ ఏడాది తిరిగాడు పాపం.

సరే, అసలు కథకి వద్దాం. 1978లో న్యూ సౌత్ వేల్స్‌లో ఇద్దరు మగవాళ్ళ మధ్య సంబంధం నేరం. 1900 నాటి క్రైమ్స్ యాక్టు ప్రకారం 14 ఏళ్ళ దాకా జైలు. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షను పెట్టిందీ ఆ తెల్లదొరలే. ఇదేదో మన సంస్కృతి చేసిన చట్టమని మనవాళ్ళు వాదిస్తుంటే నాకు నవ్వొస్తుంది.

ఆ ఏడాది జూన్ 24 శనివారం రాత్రి కొన్ని వందల మంది టేలర్ స్క్వేర్ దగ్గర చేరి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీదుగా పాటలు పెట్టుకుని హైడ్ పార్క్ వైపు నడిచారు. పర్మిషన్ ఉంది. అయినా మధ్యలో పోలీసులు లారీని పట్టుకున్నారు. జనం కింగ్స్ క్రాస్ వైపు మళ్ళారు. అక్కడ దొరికినవాళ్ళని దొరికినట్టు కొట్టి వ్యానుల్లో ఎక్కించారు. 53 మంది అరెస్టయ్యారు. తర్వాత సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రిక వాళ్ళ పేర్లు, అడ్రసులు, ఉద్యోగాలు అచ్చువేసింది. ఆఫీసులో ఫైళ్ళు చూసుకుని బతికే నాకు, దెబ్బల కంటే ఈ ముక్క దగ్గరే కడుపులో దేవినట్టయింది. పొద్దున్నే పేపరు తెరిస్తే పక్క సీటాయనకీ, ఇంటి ఓనరుకీ, అమ్మానాన్నలకీ ఒకేసారి తెలిసిపోవడం! ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు. కేసులు చాలావరకు కొట్టేశారు గానీ పోయిన ఉద్యోగాలు ఎవరు తెచ్చిస్తారు? రాష్ట్ర పార్లమెంటూ, ఆ పత్రికా క్షమాపణ చెప్పడానికి 2016 దాకా పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నేరాల చట్టం ఇండియాలో దేశమంతటికీ ఒకటే. ఆస్ట్రేలియాలో ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. అందుకని పోరాటం కూడా రాష్ట్రానికొకటిగా జరిగింది. సౌత్ ఆస్ట్రేలియా 1975లోనే నేరం కాదని తేల్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో చిత్రం చూడండి: 1982లో, స్వలింగ ప్రేమికుడని ఒకణ్ణి ఉద్యోగంలోంచి తీసేయడం తప్పని వివక్ష నిరోధక చట్టం సవరించారు. ప్రేమ మాత్రం ఇంకా నేరమే! పని పోదు, జైలు మాత్రం ఉంది. ఈ తిరకాసు 1984లో ప్రీమియర్ నెవిల్ రాన్ స్వయంగా పెట్టిన బిల్లుతో తీరింది. అప్పటికీ పూర్తిగా కాదు. సమ్మతి వయసు అందరికీ ఒకటే చేసింది 2003లో.

సరిగ్గా ఆ సమయంలోనే ఎయిడ్స్ వచ్చింది. ఆస్ట్రేలియాలో మొదటి కేసు 1982 చివర్లో సిడ్నీలోనే బయటపడింది. జనం వణికిపోయారు. రక్తమార్పిడి వల్ల వైరస్ సోకిన ఈవ్ వాన్ గ్రాఫోర్స్ట్ అనే మూడేళ్ళ పాపను, సిడ్నీకి ఉత్తరాన కిన్‌కంబర్‌లో 1985లో ప్రీస్కూలుకి రానివ్వలేదు. చివరికి ఆ కుటుంబం న్యూజిలాండ్ వెళ్ళిపోయింది. అక్కడే 1993లో, 11 ఏళ్ళకి, ఆ పాప చనిపోయింది.

అంత భయం మధ్యన కూడా ప్రభుత్వాలు ఒక తెలివైన పని చేశాయి. ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్ళనే కూర్చోబెట్టి, డబ్బిచ్చి, మీ వాళ్ళకి మీరే చెప్పండన్నాయి. 1985లో ఎయిడ్స్ కౌన్సిల్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్, ఇప్పుడు ఏకాన్ అంటున్న సంస్థ, మొదలయింది. 1986లో డార్లింగ్‌హర్స్ట్‌లో డాక్టర్ అలెక్స్ వోడక్, ఆయన సహచరులు చట్టాన్ని ధిక్కరించి మత్తుమందు వాడేవాళ్ళకి కొత్త సూదులు ఇచ్చారు. తర్వాత ప్రభుత్వమే ఆ పని అందుకుంది. జైలు భయం ఉండగా ఎవడొచ్చి నాకు టెస్టు చేయండి, నా స్నేహితుడు ఫలానా అని చెబుతాడు? 1984 చట్టం ముందు రావడం ఎంత అదృష్టమో ఇక్కడ తెలుస్తుంది.

టాస్మేనియాలో దీనికి ఎదురు వాదన చేశారు. ఎయిడ్స్ ఆపడానికే మా చట్టం అన్నారు. నిక్ టూనెన్ అనే అతను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళాడు. నేరమని ముద్ర వేస్తే రోగం ఆగదన్న మాట 1994లో ఆ కమిటీ ఒప్పుకుంది. 1997లో టాస్మేనియా కూడా చట్టం తీసేసింది.

మన దేశంలోనూ ఇదే దారి. నాజ్ ఫౌండేషన్ 2001లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది హెచ్.ఐ.వి. పనికి 377 అడ్డొస్తోందనే. 2009లో గెలిచారు, 2013లో సుప్రీంకోర్టులో ఓడారు, 2018 సెప్టెంబర్ 6న మళ్ళీ గెలిచారు. తెలంగాణలో అయితే హిజ్రాలను రిజిస్టరులో రాసి, ఆడవేషంతో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయడానికి నిజాం కాలంలో, 1919లో, తెచ్చిన చట్టాన్ని హైకోర్టు 2023లో గానీ కొట్టేయలేదు.

ఇక మన సంగతి. 2016లో హెచ్.ఐ.వి. రాకుండా రోజూ వేసుకునే ప్రెప్ మాత్రను న్యూ సౌత్ వేల్స్‌లో పెద్ద ఎత్తున ఇచ్చి చూశారు. మొదట చేరిన 3,700 మందిని ఏడాది పాటు గమనించారు. స్వలింగ సంపర్కం ఉన్న మగవాళ్ళలో కొత్త కేసులు రాష్ట్రమంతటా పాతిక శాతం తగ్గాయి. కానీ ఇక్కడ పుట్టినవాళ్ళలో తగ్గినంతగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళలో తగ్గలేదు. ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు, ఆ వంటింటి ప్రశ్న గుర్తుంది. 2017 వివాహ సర్వేలో మన గ్రీన్‌వే నియోజకవర్గంలో 53.6 శాతం వద్దన్నారు, రాష్ట్రం మొత్తం మీద 57.8 శాతం సరేనన్నా సరే. ఎవరి ఓటు వాళ్ళిష్టం, దాని మీద నాకు తగువు లేదు. కానీ ఇలాంటి పేటలో ఒక కుర్రాడు నోరు తెరిచి ఎవరిని అడుగుతాడు?

అందుకని జవాబు రాస్తున్నాను. ప్రభుత్వ సెక్సువల్ హెల్త్ క్లినిక్కుల్లో పరీక్ష ఉచితం, మెడికేర్ కార్డు అక్కర్లేదు. రిజల్టు ఇమిగ్రేషన్‌కి పంపరు. పి.ఆర్. దరఖాస్తుకి చేసే మెడికల్స్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళకి హెచ్.ఐ.వి. పరీక్ష ఉంటుంది, అది వేరు. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన వీసా దానంతట అది పోదు, వైద్యం ఖర్చు లెక్క చూస్తారు. మెడికేర్ లేనివాళ్ళకి కూడా 2023 నుంచి హెచ్.ఐ.వి. మందులు కేంద్ర ప్రభుత్వ ఖర్చుతో దొరుకుతున్నాయి.

ఇదంతా తెలిశాక ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. ఒక శుక్రవారం ఇద్దరం పారమట్టా క్లినిక్కి వెళ్ళాం. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. లోపల ఏమడిగారో, రిజల్టు ఏం వచ్చిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చేటప్పుడు ట్రైన్లో మాత్రం, "ఏడాది వేస్ట్ చేశానన్నా" అన్నాడు.